రిఫ్లెక్షన్‌తో ఫీల్డ్ చదివితే నల్ వస్తోంది, చెక్ ఎక్కడ పెట్టాలి?

మారతహళ్లి పీజీ:
అన్నలూ, జావాలో ఆడిట్ లాగ్ రాస్తున్నా. కస్టమర్ ఆబ్జెక్టు పాతదీ కొత్తదీ తీసుకుని, రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగానే క్లాసులో ఏ ఫీల్డులున్నాయో చూసే పద్ధతి) ఒక్కో ఫీల్డూ చదివి, ఏది మారిందో టేబుల్లో వేయాలి. ఫీల్డ్.గెట్ దాకా బాగానే ఉంది, వచ్చిన విలువ మీద గెట్‌క్లాస్ పిలిచి అది తేదీయా స్ట్రింగా అని చూస్తున్నా, మిడిల్ నేమ్ లేని కస్టమర్ రాగానే, అంటే ఆ ఫీల్డు నల్ (విలువే లేదు) అవగానే, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని ఎర్రర్. మా లీడ్ మొత్తం ట్రై క్యాచ్‌లో పెట్టి ఎర్రర్ మింగేయమంటున్నాడు. సాయంత్రం డెమో, ఒకటే టెన్షన్.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్:
అలా పెడితే ఆ ఫీల్డులో మార్పు లాగ్‌లోకే రాదు తమ్ముడూ, ఇక ఆడిట్ దేనికి? టైపు కావాలంటే విలువను కాదు, ఫీల్డునే అడుగు: ఫీల్డ్.గెట్‌టైప్. లోపల నల్ ఉన్నా స్ట్రింగ్ అనే చెబుతుంది. ఫీల్డుని ఉత్తి ఆబ్జెక్ట్ అని డిక్లేర్ చేసి ఉంటే మాత్రం అసలు టైపు దానికీ తెలియదు, అప్పుడు నల్ చెక్ చేశాకే గెట్‌క్లాస్. పోల్చడానికి ఆబ్జెక్ట్స్.ఈక్వల్స్ వాడు, జావా 7 నుంచీ ఉంది. రెండూ నల్ అయితే సమానం అంటుంది, ఒకటే నల్ అయితే కాదంటుంది. అర్రేలకి డీప్‌ఈక్వల్స్.

ఫిల్టర్ కాఫీ:
వానకి బస్సులో ఇరుక్కుని ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. కొత్త కస్టమర్‌కి పాత ఆబ్జెక్టే ఉండదు కదా, అక్కడ ఫీల్డ్.గెట్‌కి నల్ ఇచ్చినా ఇదే ఎక్సెప్షన్, స్టాటిక్ ఫీల్డ్ (ఆబ్జెక్టుకి కాక క్లాసుకే చెందినది) అయితే తప్ప. ఫీల్డు విలువ ఇచ్చే మెథడ్‌ని, అదే గెటర్‌ని, రిఫ్లెక్షన్‌లోని ఇన్వోక్‌తో పిలుస్తుంటే ఇంకో తిరకాసు: గెటర్ లోపల నల్ పాయింటర్ వస్తే అది ఇన్వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్‌లో చుట్టుకుని వస్తుంది, గెట్‌కాజ్ తీసి చూడాలి. జావా 15 పైన ఉంటే ఏది నల్లో మెసేజ్‌లోనే రాస్తుంది, ముందు అది చదువు.

మారతహళ్లి పీజీ:
గెట్‌టైప్‌తో పనైపోయింది అన్నా, థాంక్స్. ఇప్పుడు అన్‌డూ బటన్ కూడా కావాలంట! సెటర్‌ని (ఫీల్డులో విలువ పెట్టే మెథడ్) ఇన్వోక్ చేస్తూ పాత విలువ అని నేరుగా నల్ రాస్తే ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పు అంటోంది, సెటర్‌కి ఉన్నది ఒక్కటే ఆర్గ్యుమెంట్.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్:
ఇన్వోక్ వర్‌ఆర్గ్స్ మెథడ్, అంటే ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకుంటుంది. ఉత్తి నల్ రాస్తే ఆర్గ్యుమెంట్లే లేవనుకుంటుంది, కంపైలర్ వార్నింగ్ కూడా ఇచ్చే ఉంటుంది. నల్‌ని ఆబ్జెక్ట్‌కి క్యాస్ట్ చేసి పంపు. సెటర్ తీసుకునేది ఇంట్ అయితే అదీ కుదరదు, ఇంట్ లాంటి ప్రిమిటివ్ (ఆబ్జెక్టు కాని ప్రాథమిక టైపు)కి నల్ పెట్టలేవు. అలాగని 0 పెట్టేయకు, బ్యాలెన్స్ 0 ఉన్నవాడూ బ్యాలెన్స్ తెలియనివాడూ ఒకటైపోతారు. క్లాసులోనే నల్ పట్టే ఇంటీజర్‌గా మార్చెయ్.