పూరేకుకు బిరడా ఏమిటి? 'సుబరోస్' అంటే అసలు అర్థం?

ప్రశ్న (అనువాదాల పిచ్చి):
మొక్కల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఒక తీగ కాండం 'సుబరోస్' అని ఉంది. నిఘంటువులో 'కార్కు లాంటి' అని కనిపిస్తే 'బిరడా లాంటి కాండం' అని రాసేసి ముందుకు పోయాను. 40 పేజీలు దాటాక పూరేకుల అంచుకీ అదే మాట! అంత పల్చటి రేకుకు బిరడా ఎక్కణ్ణుంచి వస్తుంది? అచ్చుతప్పా? ఎల్లుండి ఫైలు పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ బోటనీ మాస్టారు):
అచ్చుతప్పు కాదమ్మా. స్పెల్లింగ్ ఒకటే, మాటలు రెండు. మొదటిది లాటిన్ 'సూబర్' నుంచి వచ్చింది. కార్కు ఒలిచే ఓక్ చెట్టు శాస్త్రీయ నామం క్వెర్కస్ సూబర్‌లో ఉన్నది అదే. మీ తీగ పాసిఫ్లోరా సుబరోసా అయితే పేరులోనే ఉంది, ముదిరిన కాండం మీద కార్కు కడుతుంది. రెండోది 'సబ్', 'ఇరోస్' కలిసిన మాట. ఇరోస్ అంటే పురుగు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్న అంచు. సబ్ అంటే ఇక్కడ 'కాస్త'. బెరడు, కాండం అయితే కార్కు. ఆకు అంచు, రేకు అంచు అయితే కొరుకుడు.

'బిరడా' మాత్రం కొట్టేయండి. అది సీసా మూత. రబ్బరుతో చేసినా బిరడానే. మా కాలేజీ గేటు దగ్గర ఆకాశమల్లి ఉండేది. పిల్లల్ని తీసుకెళ్లి బెరడు గోటితో నొక్కమనేవాణ్ణి. ఇంగ్లీషులో దాన్ని ఇండియన్ కార్క్ ట్రీ అనేది ఆ బెరడు వల్లే. (పూలు ఏరుకుంటూ క్లాసు ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు.)

జవాబు (గోదారి గట్టు):
అక్కా, మా వైపు గాలానికి కట్టేది బెండు. ముల్లంగి ముదిరితే 'బెండు బారింది' అని మా అమ్మ పక్కన పడేస్తుంది. 'బెండులాంటి బెరడు' అంటే చాలదా?

జవాబు (రిటైర్డ్ బోటనీ మాస్టారు):
భలే మాట అందించావు బాబూ! నా పేచీ ఒక్కటే. జీలుగు బెండు కాండం లోపలి సరుకు, కార్కు పైన కట్టే పొర. దాని కణాల గోడల్లో సుబరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉండి నీటిని అడ్డుకుంటుంది. మనం చెక్కి పారేసే బంగాళదుంప తొక్క కూడా కార్కు పొరే. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టిన గళ్లు కార్కు ముక్కలోవే. పక్కన 'బెరడు' అని ఉంది కాబట్టి పేచీ వదులుకుంటున్నాను.

అనువాదాల పిచ్చి:
మాస్టారూ, తమ్ముడూ, రెండూ మార్చి పంపేశాను. ఎడిటర్‌గారు 'అంచు కాస్త కొరికినట్టు' కింద గీత గీసి, పక్కన 'ఎవరు?' అని రాశారు.