స్టీమ్ వాల్వ్‌కు మామూలు నట్లు సరిపోతాయా, 2హెచ్ గ్రేడ్ (ఎక్కువ బలమున్న) హెవీ హెక్స్ నట్లే కావాలా?

అన్నా, నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. 4 అంగుళాల, 300 క్లాస్ (ప్రెషర్ రేటింగ్) గేట్ వాల్వ్ ఫ్లాంజ్ (పైపుకు బిగించే అంచు) దగ్గర స్టీమ్ కారుతోంది. లైన్‌లో ప్రెషర్ 10 బార్, వేడి 185 డిగ్రీల దాకా ఉంటుంది, ఆదివారం షట్‌డౌన్‌లో గాస్కెట్ మార్చాలి. 8 స్టడ్లు (రెండు చివరలా నట్టు పడేవి), అన్నీ ముప్పావు అంగుళం, బీ7 అనే గట్టి అల్లాయ్ స్టీల్ గ్రేడ్‌వి, అంటే 16 నట్లు కావాలి. కడపలో ఒక షాపు నుంచి తెప్పిస్తే 1-1/8 అంగుళాల స్పానర్ పట్టే మామూలు హెక్స్ నట్లు పంపారు, పైన గ్రేడ్ ముద్రే లేదు. పాత నట్లకు 1-1/4 స్పానర్ పడుతుంది, 2హెచ్ అని కొట్టి ఉంది, మందం కూడా ఎక్కువే.

థ్రెడ్ ఒకటే కదా, ఎక్కించేయండి అంటున్నాడు షాపాయన. థ్రెడ్ పట్టినంత మాత్రాన బీ7 స్టడ్‌కు ఇచ్చే టార్క్‌ను ఆ నట్టు తట్టుకుంటుందా? నాకైతే ధైర్యం చాలడం లేదు, ఆ వాల్వ్ పక్కనే రోజూ మా టీమ్ కుర్రాళ్లు పనిచేస్తారు.

పాత 2హెచ్ నట్ల థ్రెడ్ బాగుంటే శుభ్రం చేసి మళ్లీ వాడొచ్చా? కొత్తవి కొంటే ముద్ర చూసి నమ్మొచ్చా, లేక టెస్ట్ సర్టిఫికెట్‌లో హీట్ నంబర్ (ఏ బ్యాచ్ స్టీలో చెప్పేది), హార్డ్‌నెస్ కూడా సరిచూడాలా? ప్రొద్దుటూరు, తాడిపత్రి వైపు అసలైనవి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు శనివారంలోపు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.