వడగళ్ల తర్వాత రూఫ్ క్లెయిమ్: తలుపు తట్టిన రూఫర్‌కి సంతకం పెట్టొచ్చా?

ఫ్రిస్కో కొత్త ఇల్లు:
అందరికీ నమస్కారం. అమెరికాలో మాకిది మొదటి ఇల్లు, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. కొన్నది పాత ఇల్లే, రూఫ్ కూడా పాతదే. మొన్న రాత్రి వడగళ్లు గట్టిగా పడ్డాయి. లోపల ఎక్కడా కారడం లేదు. తెల్లారేసరికి ఒక రూఫర్ వచ్చి పైకెక్కి దిగాడు. "మొత్తం పోయింది, ఇన్సూరెన్స్ ఇస్తుంది, డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, మీకు ఒక్క డాలర్ పడదు" అంటూ టాబ్లెట్ మీద సంతకం అడుగుతున్నాడు. పెట్టమంటారా? టెన్షన్‌గా ఉంది.

ప్లానో పాతకాపు:
వద్దు. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మీరు పెట్టుకోవాల్సిన వాటా) మాఫీ చేస్తానన్నాడంటే అక్కడే అతని సంగతి తెలిసిపోయింది. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన చట్టం ప్రకారం అది నేరం. మీరు డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు, చూపించేదాకా మిగతా డబ్బు ఆపొచ్చు. పని చేసే రూఫరే మీ తరఫున క్లెయిమ్ బేరం ఆడటం కూడా కుదరదు.

ముందు పాలసీ తీసి, కవరేజీ వివరాలుండే డిక్లరేషన్స్ పేజీ చూడండి. గాలికి, వడగళ్లకి డిడక్టిబుల్ విడిగా ఉంటుంది, ఎక్కువగా శాతంలో. 2 శాతం అంటే రూఫ్ ఖర్చులో కాదు, ఇంటికి తీసుకున్న కవరేజీలో. 4,00,000 డాలర్ల కవరేజీ ఉంటే 8,000 మీ జేబులోంచే. ఇది చాలామందికి, నష్టం లెక్కగట్టే కంపెనీ అడ్జస్టర్ వచ్చి వెళ్లాక గానీ తెలియదు.

ఈలోగా ఫోటోలు తీసి పెట్టుకోండి. గట్టర్లు, పైన వెంట్లు, ఏసీ యూనిట్ రేకులు, మెయిల్ బాక్స్ మీద సొట్టలున్నాయేమో చూడండి. అడ్జస్టర్ కూడా ముందు వాటినే చూస్తాడు. ఎక్కడైనా కారితే టార్ప్ కప్పించి రసీదు దాచండి. నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యతేనని పాలసీలోనే ఉంటుంది.

అలెన్ నుంచి:
మీరు అడగలేదు గానీ అసలు తలనొప్పి చెక్కుతో మొదలవుతుంది. మాకు చెక్కు మా పేరు, మార్ట్‌గేజ్ కంపెనీ పేరు కలిపి వచ్చింది. బ్యాంకులో వేద్దామంటే ఇద్దరి సంతకాలూ కావాలి. మార్ట్‌గేజ్ వాళ్లకి ఫోన్ చేస్తే దానికి వేరే డిపార్ట్‌మెంట్ ఉంది, రూఫర్‌తో కాంట్రాక్టు, అతని డబ్ల్యూ-9 పన్ను ఫారం, అడ్జస్టర్ ఎస్టిమేట్ పంపండి అన్నారు. అన్నీ పంపాం. సరిగ్గా అప్పుడే మా లోను ఇంకో కంపెనీకి మారింది! చెక్కు మీద పాత వాళ్ల పేరు, లోను కొత్త వాళ్ల దగ్గర. పాత వాళ్లు మాకు సంబంధం లేదన్నారు, కొత్త వాళ్లు మా పేరు లేదన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ చెక్కు రద్దు చేసి కొత్తది రాయాల్సి వచ్చింది. అప్పటికే రూఫ్ వేసేసిన రూఫర్ రోజూ సాయంత్రం ఫోన్, డబ్బు ఇవ్వకపోతే ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటి మీద హక్కు) వేస్తానని.

ఎలాగో ఆ డబ్బు ఇచ్చామా, తర్వాత షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) అమ్మిన సప్లయర్ నుంచి ఉత్తరం. రూఫర్ మా దగ్గర తీసుకున్నాడు గానీ వాళ్లకి కట్టలేదట! అందుకే ఆఖరి చెక్కు చేతిలో పెట్టేముందు రూఫర్ దగ్గరా సప్లయర్ దగ్గరా లీన్ వెయివర్, అంటే ఇక ఇంటి మీద లీన్ వేయమనే కాగితం, రాయించుకోండి. మావారు ఇప్పటికీ ఆ రూఫర్ ట్రక్కు కనబడితే దారి మార్చి పోతారు.

మెకిన్నీ మిత్రుడు:
రూఫ్ మారిస్తే మాత్రం దెబ్బలు తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్ వేయించండి బ్రదర్. యూఎల్ 2218 పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వేస్తారు, పగలకపోతేనే క్లాస్ 4. ప్రీమియం తగ్గే అవకాశం ఉంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు రంగు గురించి పేచీ పెడతారు, ముందే అప్రూవల్ తీసుకోండి.

ప్లానో పాతకాపు:
తగ్గింపుతో పాటు "చూపుకి మాత్రమే దెబ్బతింటే కవర్ కాదు" అనే క్లాజు అంటగడతారు కొందరు. అది చదవకుండా సంబరపడకండి.

ఇర్వింగ్ వాసి:
ఇవన్నీ ఎందుకండీ, మన తరఫున క్లెయిమ్ బేరం ఆడే పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకుంటే సరిపోతుంది. కంపెనీ అడ్జస్టర్ కంపెనీ మనిషే కదా. మన వైపు ఒకడుండాలి.

ప్లానో పాతకాపు:
టెక్సస్‌లో ఆయన ఫీజు క్లెయిమ్ డబ్బులో 10 శాతం దాకా ఉండొచ్చు. ఇంకా క్లెయిమే వేయని వాడికి అదెందుకు? కంపెనీ తక్కువ కట్టిందనిపిస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇర్వింగ్ వాసి:
తక్కువ కట్టాకే పిలవాలంటే ఆలస్యమవుతుంది. సరే, మీ ఇష్టం.

ఫ్రిస్కో కొత్త ఇల్లు:
అందరికీ థాంక్స్. పాలసీ చూశాను. డిడక్టిబుల్ 2 శాతమే. రూఫ్‌కి మాత్రం "యాక్చువల్ క్యాష్ వాల్యూ" అని ఉంది. అంటే ఏంటి?

అలెన్ నుంచి:
అయ్యో. అంటే పాతబడిన మేరకు కోసి ఇస్తారు, ఆ కోత మళ్లీ రాదు. మాది రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది వేసే ఖర్చు) కాబట్టి పని పూర్తయ్యాక ఇన్‌వాయిస్ పంపితే మిగతాది ఇచ్చారు.

ప్లానో పాతకాపు:
లెక్క వేసుకోండి. రూఫ్ 18,000 అనుకుందాం. వయసు కింద సగం పోతే 9,000. అందులో పైన చెప్పిన 4,00,000 కవరేజీ లెక్కన డిడక్టిబుల్ 8,000 తీసేస్తే చేతికి వచ్చేది 1,000. దానికోసం మీ పేరు మీద ఒక క్లెయిమ్ రికార్డు ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే క్లెయిమ్ వేయకముందే, సంతకం అడగని ఇద్దరు రూఫర్లతో చూపించి రిపేరుకి ఎంతవుతుందో రాసివ్వమనండి. ఇంకొకటి, ఇక్కడ రూఫర్లకి రాష్ట్ర లైసెన్స్ లేదు. ఎవరైనా లైసెన్స్ ఉందంటే ఏ ఊరిది, దేనిదని అడగండి. లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ నేరుగా వాళ్ల ఏజెంట్ నుంచే తెప్పించుకోండి.

ఇర్వింగ్ వాసి:
రిపేరుతో సరిపెట్టుకోమని చెప్పకండి. లోపల చెక్క తడిసి ఉంటే? ముందు అటిక్‌లోకి (రూఫ్ కింద ఉండే ఖాళీలోకి) టార్చి వేసుకొని ఎక్కి చూడమనండి.

ప్లానో పాతకాపు:
ఆ మాటకి ఒప్పుకుంటా. పొద్దున పూటే ఎక్కండి, ఎండెక్కితే అటిక్‌లో నిలబడలేరు.