పాత ఎస్2000 కారు రేడియో: స్టేషన్లు గుర్తుండట్లేదు, ఏ సెట్ పెట్టాలి?

అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో ఉంటాను. ఈమధ్యే 2003 మోడల్ హోండా ఎస్2000 సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బండి బంగారం. గొడవంతా రేడియోతోనే.

పాత ఓనరు ఒరిజినల్ సెట్ తీసేసి వేరేది పెట్టించాడు. కీ తీయగానే గడియారం, సేవ్ చేసిన స్టేషన్లు అన్నీ పోతున్నాయి. సెట్ బయటికి లాగి చూస్తే, కారుతో వచ్చిన కనెక్టర్ కత్తిరించేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. ఎవరు చేశారో గానీ, ఆయనకో దణ్ణం. మల్టీమీటరుతో చూస్తే సెట్ పసుపు వైరుకి కీ తిప్పినప్పుడే 12 వోల్టులు వస్తున్నాయి, ఎర్ర వైరుకి మాత్రం ఎప్పుడూ ఉంటున్నాయి. పసుపుకి ఎప్పుడూ, ఎర్రదానికి కీ తిప్పినప్పుడే కరెంటు రావాలి, అంటే రెండూ తారుమారయ్యాయనే కదా? మార్చి కలిపితే సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా?

ఎలాగూ విప్పాను కాబట్టి సెట్ కూడా మార్చేద్దామనుకుంటున్నా. రేడియో ముందుండే మూత మాత్రం పూర్తిగా మూసుకోవాలి, ఆ కారు అందం అక్కడే ఉంది. లోపల సింగిల్ డిన్ (పొట్టిగా, అడ్డంగా ఉండే మామూలు రేడియో సైజు) జాగానే, ముందుకు పొడుచుకొచ్చే స్క్రీన్ సెట్లు కుదరవు. బ్లూటూత్, కాల్స్‌కి మైకు ఉంటే చాలు, కార్‌ప్లే (ఐఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపేది) లేకపోయినా ఫర్లేదు. మీటర్ పక్కనున్న వాల్యూమ్ బటన్లు కొత్త సెట్‌తో పనిచేయాలంటే ఏ అడాప్టర్ వాడారు? ఓపెన్ టాప్ కారు కదా, టాప్ దించి హైవే ఎక్కితే పాట వినబడట్లేదు, చిన్న ఆంప్ (సౌండ్ పెంచే ఆంప్లిఫయర్) పెడితే డోర్ స్పీకర్లు తట్టుకుంటాయా?