గ్రవిస్ అంటే ఎలాంటి బరువు?

ప్రశ్న: రోమన్ కవి వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం ‘ఈనియిడ్’ మొదటి సర్గలో ‘గ్రవిస్’ అనే ఒకే విశేషణం మూడు చోట్ల వేర్వేరు రూపాల్లో తగిలింది. 151వ పాదంలో ‘పియెతాతె గ్రవెమ్’, 199లో ‘గ్రవియోర’, 274లో ‘మార్తె గ్రవిస్’. నిఘంటువు మొదటి అర్థం ‘బరువైన’ అంటోంది. అదే మూడు చోట్లా వేస్తే మూడోది బొత్తిగా అతకడం లేదు. ఎక్కడ ఏ అర్థమో తేల్చేదెలా?

జవాబు: ముందు పక్కన అబ్లేటివ్ విభక్తిలో పదం ఏదైనా ఉందేమో చూడండి. ఇలాంటి చోట అది మన తృతీయ పని చేస్తుంది. ‘దేనితో బరువు?’ అని అడిగితే సగం చిక్కు విడిపోతుంది. 151లో ‘పియెతాతె’ ఉంది: ధర్మనిష్ఠతో బరువైనవాడు, అంటే ఆ నిష్ఠ వల్ల మాటకు విలువ వచ్చిన పెద్దమనిషి. అల్లరిమూక అతన్ని చూడగానే నోరు మూసుకుంటుంది. 274లో ‘మార్తె’ కూడా అదే విభక్తి. యుద్ధదేవుడు మార్స్ వల్ల బరువైన ఇలియా అనే రాజవంశపు పూజారిణి, అంటే గర్భవతి. ఆమెకు పుట్టేది కవలలు. వ్యాకరణం రెండు చోట్లా ఒకటే, మారింది మోసే వస్తువు. ఇంకో సంగతి: ఈ విశేషణానికి పుంలింగంలోనూ స్త్రీలింగంలోనూ రూపం ‘గ్రవిస్’ ఒక్కటే, నపుంసకంలో మాత్రం ‘గ్రవె’. కాబట్టి ఆ మాట ఒక్కదాన్నే చూసి ఆడా మగా చెప్పలేం, ఇలియా పేరు చూసి తెలుసుకోవాలి.

199లో పక్కన అబ్లేటివ్ లేదు. ‘గ్రవియోర’ తరతమ రూపం (‘ఇంకా బరువైన’ అనే పోలిక), నపుంసక బహువచనం, నామవాచకంలా వాడాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు చేరిన తనవాళ్ళతో కావ్యనాయకుడు ఈనియస్ ‘ఇంతకంటే గడ్డు రోజులు చూసినవాళ్ళు మీరు’ అంటున్నాడు. ‘బరువైనవి అనుభవించినవారు’ అని రాస్తే మూటలు మోసే కూలీలు గుర్తొస్తారు.

ఇంకో జవాబు: అబ్లేటివ్ లేనప్పుడు విశేష్యాన్ని పట్టుకోవాలి. శిక్షకు చేరితే కఠినం, వాసనకు చేరితే కంపు, సాక్షికి చేరితే నమ్మదగినవాడు, గొంతుకు చేరితే మంద్రం. కంచుకు చేరితే మాత్రం అచ్చంగా తూకమే: ‘ఐస్ గ్రవె’ అంటే రోమన్ల తొలినాటి పోత నాణేలు, అందులో ‘ఆస్’ అనేది మొదట్లో ఇంచుమించు ఒక రోమన్ పౌను, సుమారు 320 గ్రాములు తూగేది. బోల్తా కొట్టించేది రుతువు. రోమన్ సేనాని సీజర్ తన అంతర్యుద్ధ చరిత్రలో దక్షిణ ఇటలీలోని అపులియా, బ్రుండిసియుమ్ ప్రాంతాల ‘గ్రవిస్ ఔతుమ్నుస్’ సైన్యం ఆరోగ్యాన్ని దెబ్బతీసిందంటాడు. దాన్ని ‘భారమైన శరత్తు’ అని తెలుగు చేస్తే ఏదో భావకవిత్వం అనుకుంటారు. ఆయన చెప్పింది ‘జబ్బుల కాలం’ అని.

సంస్కృతం వైపు నుంచి: నన్నడిగితే ‘బరువు’ను కాసేపు పక్కన పెట్టి ‘గురు’తో చదవండి. గ్రవిస్, గురు, గ్రీకు ‘బరుస్’ (బరువైన) ఒకే ధాతువు బిడ్డలు. ‘గుర్విణి’ అంటే గర్భిణి, అచ్చం ‘మార్తె గ్రవిస్’ దారే. ‘స్వర్గాదపి గరీయసీ’లో గరీయసీ ‘గురు’ శబ్దానికి తరతమ రూపమే, ‘గ్రవియోర’కు సాటి. మనం రోజూ వార్తల్లో వినే ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’లో ఉన్నది అదే ‘గురు’కు మూడో మెట్టు, ‘అన్నిటికంటే ఎక్కువ’ అనే రూపం. న్యూటన్ 1687 లాటిన్ గ్రంథంలో ‘గ్రవితాస్’ అని రాసినదాన్ని మనం గురుత్వం అంటున్నాం. ఇంత చక్కగా కుదిరిన పారిభాషిక పదాలు తక్కువ.

ప్రశ్న: అయితే భారం, బారోమీటర్ కూడా ఒకదానికొకటి చుట్టాలేనా?

జవాబు: కాదు. ‘భారం’ వచ్చింది ‘భృ’ ధాతువు నుంచి, మోయడం అని అర్థం. దాని లాటిన్ చుట్టం ‘ఫెర్రె’. బారోమీటర్‌లోని ‘బార్’ గ్రీకు ‘బరుస్’ వైపుది. ‘గ్రవితెర్ ఫెర్రె’ అనే లాటిన్ పలుకుబడిలో ఈ రెండు వంశాలూ కలిశాయి: బరువుగా మోయడం, అంటే మనసుకు కష్టం పెట్టుకోవడం. ఇంగ్లీషులో సమాధి అనే అర్థంలో వాడే ‘గ్రేవ్’ తవ్వడానికి సంబంధించిన జెర్మానిక్ మాట, దీనికీ దానికీ పొత్తు లేదు.

ఛందస్సు సంగతి: గురువు, లఘువు తెలిసినవాళ్ళు ‘సిల్లబ గ్రవిస్’ అంటే గురువే అనుకునే ప్రమాదం ఉంది. రోమన్ వ్యాకర్తలు మాత్రలకు ‘లొంగ’, ‘బ్రెవిస్’ వాడారు. ‘గ్రవిస్’ వాళ్ళకు స్వరం, కింది స్థాయి. మన పరిభాషలో అనుదాత్తానికి దగ్గర. దాని ఎదురు పదం ‘లెవిస్’ కాదు, పై స్థాయి స్వరాన్ని చెప్పే ‘అకూత’. తూకంలో మాత్రం ‘లెవిస్’ (తేలిక) సరైన జోడీ, అది ‘లఘు’కు బంధువు కూడా. హ్రస్వ ఎ గమనించండి. దీర్ఘంతో ‘లేవిస్’ అంటే నున్నని. దీర్ఘాల గుర్తులు లేని లాటిన్ ప్రతిలో రెండూ ఒకేలా కనబడతాయి. ఎ, ఏ వేరుగా ఉన్న మన లిపిలో ఆ తేడా ఇట్టే దొరుకుతుంది.

వైద్యపదాల గురించి ఒక చేర్పు: కండరాలు నీరసించే జబ్బు ‘మయస్థీనియా గ్రావిస్’లోది తీవ్రత, గర్భంతో పని లేదు. గర్భిణులకు వచ్చే తీవ్రమైన వాంతులు ‘హైపరెమెసిస్ గ్రావిడేరమ్’లోది గర్భమే, ‘గ్రవిద’ షష్ఠీ బహువచనం, ‘గర్భవతుల’ అని. ప్రసూతి వార్డు కేసు షీట్లలో ‘గ్రావిడా 2, పారా 1’ అని రాసేదీ ఆ మాటే: ఇప్పటిదీ కలిపి ఇది రెండో గర్భం, కాన్పు వరకు వచ్చింది ఒకటి. ఇక్కడ ‘గ్రావిడా’ను తీవ్రమైన కేసు అని చదివితే రోగి బంధువులు హడలిపోతారు.