1984లో ఇందిర సానుభూతి మన దగ్గర ఎందుకు పనిచేయలేదు?

ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కి 400 పైన సీట్లు కట్టబెడితే, ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీకి 30 ఎలా వచ్చాయండీ? మనవాళ్లకి సెంటిమెంట్ లేదా?

జవాబు 1: లేకపోవడమేంటి! ఆ ఆగస్టులోనే కాంగ్రెస్ అండతో సీఎం ఎన్టీఆర్‌ని గద్దె దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు, జనం రోడ్డెక్కితే నెల రోజులకే మళ్లీ ఆయన్నే తేవాల్సి వచ్చింది. ఆ మంట డిసెంబరుకి చల్లారుతుందా? సానుభూతి కన్నా కోపం గట్టిది, అంతే.

జవాబు 2: కోపం ఒక్కటేనా బ్రదర్, కిలో రెండు రూపాయల బియ్యం సంగతో? మా అమ్మమ్మ ఇందిరమ్మ పోయిందని అన్నం మానేసి ఏడ్చిందట, ఓటు మాత్రం సైకిల్‌కే గుద్దింది.

జవాబు 3: ఐదేళ్లకే అదే ఎన్టీఆర్‌ని కల్వకుర్తిలో ఓడించారుగా, మరి దాన్నేమంటారు?