సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కి.మీ. నడిచినవాడికి ఇంగ్లండ్ కొండ మీద 14 కి.మీ. ఓ లెక్కా?

సీతమ్మధార_నడకరి:
నవంబరు మొదట్లో మాంచెస్టర్‌లో ఉన్న మావాడి దగ్గరికి వెళ్తున్నాం. ఈడేల్ అనే ఊళ్లో రైలు దిగి, జేకబ్స్ లాడర్ అనే మెట్లదారి మీదుగా కిండర్ స్కౌట్ కొండ ఎక్కి, గ్రిండ్స్‌బ్రూక్ వాగు పక్కగా దిగొద్దామంటున్నాడు, మొత్తం 14 కి.మీ. దాకా వస్తుందట. నాకు 56. రోజూ బీచ్ రోడ్డు నడక ఉంది, మొన్న ఆషాఢంలో కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి ప్రదక్షిణ మొత్తం పూర్తి చేశా. కుడి మోకాలు మాత్రం అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఇంత హడావుడి అవసరమా? వాడేమో బూట్లు, మ్యాపు, టార్చి అంటూ లిస్టు పంపాడు.

మధురవాడ_మబ్బు:
అవసరమే సార్. నేను షెఫీల్డ్‌లో నాలుగేళ్లున్నా. ప్రదక్షిణలో అడుగడుక్కీ మజ్జిగ, పులిహోర చేతిలో పెడతారు, దారంతా తారు రోడ్డు, లైట్లు. కిండర్ మీద టీ కొట్టు కూడా ఉండదు. పైన నేలంతా పీట్, అంటే గడ్డీ నాచూ ఏళ్లకేళ్లు నీళ్లలో నాని అయిన నల్లటి బురద. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, నేను కాలేస్తే మోకాలి దాకా దిగిపోయింది, కాలు వచ్చింది గానీ బూటు రాలేదు, బోర్లా పడుకుని చేత్తో తవ్వి తీశా. ఎత్తు 636 మీటర్లే, మన అరకు ముందు ఏపాటి! కానీ మబ్బు దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో తెలీదు.

అక్కడివాళ్ల పాత లెక్కొకటుంది, 5 కి.మీ.కి గంట, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మీ దారిలో ఎక్కుడు 400 దాకా ఉంటుంది, అంటే ఆగకుండా నడిస్తే మూడున్నర గంటలు. మోకాలు, బురద, ఫొటోలు కలుపుకొని ఆరు వేసుకోండి. నవంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, తొమ్మిదికల్లా ఈడేల్‌లో ఉండాలి. టార్చి అందుకే.

గాజువాక_జీడిపప్పు:
ఆ కొండకో కథుంది. అప్పట్లో పక్షుల వేట కోసం జమీందార్లు జనాన్ని రానిచ్చేవాళ్లు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు కార్మికులు వందల మంది ఎక్కేశారు, ఐదుగురిని జైల్లో పెట్టారు. ఇప్పుడైతే టికెట్ కూడా లేదు, గేటు తీస్తే మాత్రం మళ్లీ వేయాలి, గొర్రెలుంటాయి.

మధురవాడ_మబ్బు:
అసలు సంగతి మర్చిపోయా. గ్రిండ్స్‌బ్రూక్ పైభాగమంతా బండరాళ్లు, తడిస్తే జారుడే, ఆ మోకాలితో వద్దు. వెనక్కి కూడా జేకబ్స్ లాడర్ మీదుగానే రండి, అవి పరిచిన రాతి మెట్లు. వెళ్లేలోపు సింహాచలం మెట్లెక్కి చూడండి, మనవాళ్లలా ఎక్కి బస్సులో దిగిపోకండి, మోకాలికి దిగుడే పరీక్ష. కొండ మీద ఏమన్నా అయితే 999కి చేసి, పోలీసు, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి.

సీతమ్మధార_నడకరి:
నిన్న దిగా. ఇవాళ మా మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా దిగుతుంటే మా ఆవిడ ఒకటే నవ్వు. గ్రిండ్స్‌బ్రూక్ వద్దని మావాడికి చెప్పేశా. టార్చి ఇక్కడే కొనుక్కెళ్తా.